తింటున్నా ఒంటబట్టని తిండి: తీవ్ర పోషకాహార లోపం వెనక దాగిన ఇన్‌ఫ్లమేషన్

పదహారు నెలల పాప తీవ్ర పోషకాహార లోపం నుంచి కోలుకునే పిల్లలకు ఇచ్చే ఎఫ్-100 అనే చికిత్స పాలు రోజుకు 1,100 మిల్లీలీటర్లు తాగుతోంది. కక్కడం లేదు, విరేచనాలు లేవు, జ్వరం లేదు. అయినా ఆరు రోజుల్లో ఆ పాప పెరిగినది 70 గ్రాములు మాత్రమే. ఆ వయసులో, ఆ తిండితో, కోలుకుంటున్న బిడ్డ ఒక్క రోజున్నరలో పెరగవలసిన బరువు అది. విశాఖపట్నంలో నేను పనిచేసే పోషకాహార పునరావాస వార్డులో చూసిన ఈ కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. రోగం అరుదైనదని కాదు; రోగం దొరికేలోపు మేము ఎవరిని అనుమానించామో, ఏ ప్రశ్నను తప్పుగా అడిగామో నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది కాబట్టి. తల్లి అనుమతితోనే రాస్తున్నాను. పాపను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

ముందుగా ఒక మాట. ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో ‘వాపు’ అంటుంటారు. కానీ ఈ పిల్లల్లో పాదాలకు నీరు పట్టడాన్ని కూడా మనం వాపనే పిలుస్తాం. రెండూ ఒకటి కావు కాబట్టి, ఈ వ్యాసంలో వాపు అంటే నీరు పట్టడమనే అర్థం. రోగనిరోధక వ్యవస్థ రగిలించే లోపలి మంటను ఇన్‌ఫ్లమేషన్ అనే రాశాను.

నేపథ్యం

కుటుంబం రేవుకు దగ్గర్లోని ఒక కాలనీలో ఉంటుంది. తండ్రి మరబోటు మీద కూలీ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ ఇంట్లోకి వచ్చే డబ్బు దాదాపు ఆగిపోతుంది. ఆ ఏడాది చేసిన అప్పు తీర్చడానికి, నిషేధం ముగిసిన వెంటనే తల్లి రేవులో వేలంపాటకు వెళ్ళి చేపలు కొని వీధుల్లో అమ్మడం మొదలుపెట్టింది. అప్పటిదాకా తల్లిపాలు తాగుతున్న పాపకు పగటి పాలు ఆ వారంలోనే ఆగిపోయాయి. వాటి స్థానంలో గంజి, టీలో ముంచిన బిస్కెట్లు వచ్చాయి. అంగన్‌వాడీ నుంచి బాలామృతం పొట్లం అందుతూనే ఉంది గానీ, ఒక్క బిడ్డకని ఇచ్చిన పొట్లాన్ని ముగ్గురు పిల్లలు పంచుకున్నారు. ఇంట్లో మరో ఇద్దరు చిన్నపిల్లలు ఆకలిగా చూస్తుంటే ఏ తల్లీ ఒక్కరికే కలిపి పెట్టలేదు.

వానాకాలంలో పాపకు మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. మూడుసార్లూ మందుల షాపులో అడిగి తెచ్చిన సిరప్‌లే వాడారు. విరేచనాలు తగ్గగానే మానేశారు. పుట్టినప్పుడు బరువు 2.3 కిలోలు. పాదాలు ఉబ్బడం చూసి అంగన్‌వాడీ కార్యకర్త జబ్బకు టేపు చుట్టింది. 10.6 సెంటీమీటర్లు వచ్చింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో 11.5 కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపమే. ఆమే ఆటోలో కూర్చోబెట్టుకుని మా దగ్గరకు తీసుకొచ్చింది.

చేరినప్పటి పరిస్థితి

బరువు 5.9 కిలోలు, అందులో కొంత వాపు నీరు. పొడవు 69 సెంటీమీటర్లు, అంటే వయసుకు బాగా పొట్టి. పొడవుకు తగ్గ బరువు మైనస్ 3 జెడ్ స్కోరు (ఆరోగ్యవంతులైన పిల్లల సగటుకు ఎంత దూరమో చూపే కొలత) కంటే కింద ఉంది. రెండు పాదాల మీదా వేలితో నొక్కితే గుంట పడి నిలుస్తోంది. చంకలో ఉష్ణోగ్రత 34.8 డిగ్రీలు, రక్తంలో గ్లూకోజ్ 46 మిల్లీగ్రాములు. పాప ఏడవడం లేదు. మమ్మల్ని చూసి భయపడడం కూడా లేదు. సూది గుచ్చినా మొహం తిప్పుకోని బిడ్డ, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటుందని మా వార్డు నర్సులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి గంటల పని అందరికీ తెలిసినదే. 10 శాతం గ్లూకోజ్ 50 మిల్లీలీటర్లు ముక్కు గొట్టం ద్వారా ఇచ్చి, తల్లి గుండెకు హత్తించి పైన దుప్పటి కప్పాం. ఒంటి వేడి, చక్కెర తక్కువైన పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ ఉందనే అనుకుని నడవాలి కాబట్టి ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టాం. రోజుకు కిలోకు 130 మిల్లీలీటర్ల లెక్కన, మొదటి దశలో పట్టే తేలికపాటి చికిత్స పాలు ఎఫ్-75ను రెండేసి గంటలకు 65 మిల్లీలీటర్ల చొప్పున పట్టాం. పొటాషియం, మెగ్నీషియం, జింక్, విటమిన్-ఎ, ఫోలిక్ యాసిడ్ ఇచ్చాం. హిమోగ్లోబిన్ 7.4 ఉన్నా రక్తం ఎక్కించలేదు. ఈ పిల్లల గుండె అదనపు ద్రవాన్ని తట్టుకోలేదు. 4 కంటే తక్కువ ఉంటేనో, 4 నుంచి 6 మధ్య ఉండి ఆయాసం ఉంటేనో తప్ప ఎక్కించకూడదు. ఐరన్ కూడా అప్పుడే ఇవ్వకూడదు.

తెల్లకణాలు మామూలుగా ఉన్నాయి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్ సీఆర్‌పీ మాత్రం ఎక్కువగా, 58 ఉంది. హెచ్ఐవీ నెగటివ్. ఛాతీ ఎక్స్‌రేలో ప్రత్యేకంగా ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. క్షయ కోసం చర్మంలోకి సూదితో చేసే మాంటూ పరీక్షలో చర్మం అసలు ఉబ్బలేదు. మూత్రం సంచి అంటించి పట్టిన నమూనాలో చీము కణాలు 8 నుంచి 10 ఉన్నాయి. సంచి నమూనా కాబట్టి చర్మం మీది మలినమై ఉంటుందని నేనే పక్కన పెట్టాను. “ఇంట్లో ఎవరికైనా చాలా రోజులుగా దగ్గు ఉందా?” అని అడిగాం. “లేదమ్మా” అంది తల్లి. ఆ రెండు విషయాల దగ్గరకూ మళ్ళీ వస్తాను.

నాలుగో రోజుకు వాపు దిగడం మొదలైంది, అయిదో రోజు ఆకలి వచ్చింది, ఆరో రోజు సీఆర్‌పీ 27కు దిగింది. ఏడో రోజు ఎఫ్-100కు మార్చి, రెండు రోజుల తరువాత పాప వదిలేసేంత వరకు పెంచుతూ పోయాం. తొమ్మిదో రోజు, నీరంతా పోయాక బరువు 5.5 కిలోలు. అంతా సవ్యంగా సాగుతోందనే అనుకున్నాం.

సమస్య, మా మొదటి అనుమానం

పదిహేనో రోజుకు బరువు 5.57 కిలోలు. రోజుకు 12 గ్రాములు, అంటే కిలోకు రెండు గ్రాముల పైచిలుకు. ఈ దశలో కిలోకు 10 గ్రాములు పెరిగితే మంచి పురోగతి, 5 కంటే తక్కువైతే వైఫల్యం. పదో రోజుకు కూడా 5 గ్రాములు అందుకోకపోతే కారణం వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మాన్యువల్‌లోనే ఉంది. మేము వెతికాం. కానీ ముందుగా వెతికినది పాప ఒంట్లో కాదు, తల్లి చేతుల్లో.

మా రౌండ్లలో ఒక వాక్యం చాలా సులువుగా వస్తుంది: “తల్లి సరిగా పట్టడం లేదేమో.” పాలు తానే తాగేస్తోందేమో, చూడడానికి వచ్చిన పెద్దపిల్లలకు పోస్తోందేమో, పాప కక్కితే చెప్పడం లేదేమో. ఇలాంటివి ఎప్పుడూ జరగవని కాదు, ఆకలి ఉన్న ఇళ్ళలో జరుగుతాయి. కానీ దాన్ని నిర్ధారించుకునే ముందే మా మాట తీరు మారింది. ఒక నర్సు ఆమె ముందే గిన్నె ఎత్తి అడుగు చూసింది. ఆమెకు అర్థమైంది.

ఆ సాయంత్రం ఆమె దిండు కింద నుంచి ఒక పాత క్యాలెండర్ కాగితం తీసి నా చేతికిచ్చింది. ఆమెకు చదువు రాదు. కాగితం వెనకవైపు పెన్సిల్‌తో గళ్ళు గీసుకుంది. గిన్నె పూర్తిగా తాగితే నిండు సున్నా, సగం తాగితే సగం నింపిన సున్నా, కక్కితే అడ్డగీత. రాత్రి రెండు గంటల పాలు, నాలుగు గంటల పాలు వేరే వరుసలో ఉన్నాయి. ఆరు రోజుల్లో అడ్డగీత ఒక్కటే. నేను దాన్ని నర్సుల చార్టు పక్కన పెట్టి వరుసకు వరుస పోల్చాను. మా చార్టులో రెండు రాత్రుల పాలు నమోదే కాలేదు. ఆమె కాగితంలో ఉన్నాయి.

అయినా మరో రెండు రోజులు ప్రతి గిన్నెనూ నర్సు ఎదురుగా ఉండి పట్టించాం. అనుమానంతో కాదు, తిండి విషయంలో సందేహమే మిగలకూడదని. ఈ మాట ఆమెకు ముందే చెప్పి, అంతకుముందు జరిగినదానికి క్షమించమని అడిగాను. తూకం యంత్రాన్ని రెండు కిలోల రాయితో సరిచూశాం. వంటగదిలో పాలు, పంచదార, నూనె, మరమరాల పొడి కొలతలు దగ్గరుండి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాప కిలోకు 200 కేలరీలు తింటోంది. అవి ఎక్కడికి పోతున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఫలించనివి

ఇంకాస్త ఎక్కువ పట్టాలన్నది మొదటి ఆలోచన. కిలోకు 220 కేలరీలకు పెంచాం. రెండో రోజుకే విరేచనాలు మొదలై, వెనక్కి తగ్గించవలసి వచ్చింది.

రెండోది నా పొరపాటు. పన్నెండో రోజున, అంటే రెండో వారం వచ్చింది కదా అని, ఐరన్ చుక్కలు రాశాను. నియమం రెండో వారంలో ఇవ్వమని కాదు, బరువు పెరగడం మొదలయ్యాక ఇవ్వమని. సాధారణంగా అది రెండో వారంలో జరుగుతుంది, అంతే. నేను బిడ్డను చూడకుండా తేదీని చూశాను. పదిహేనో రోజున మళ్ళీ చేయించిన సీఆర్‌పీ 44 వచ్చింది. దిగినది మళ్ళీ లేచింది. ఐరన్ నిల్వలను చూపే ఫెర్రిటిన్ 210. ఇంత రక్తహీనత ఉన్న పాపలో ఐరన్ నిల్వలు నిండుగా ఉన్నట్టు కనిపించడం ఇన్‌ఫ్లమేషన్ పనే. ఇన్‌ఫ్లమేషన్‌ను నడిపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్ పెరిగితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగుల నుంచి ఐరన్ లోపలికి రాకుండా, కణాల్లో ఉన్నది బయటకు పోకుండా తలుపు వేస్తుంది. సూక్ష్మజీవులకు ఐరన్ అందకుండా శరీరం చేసుకునే ఏర్పాటిది. ఆ సమయంలో మనం పోసిన ఐరన్ రక్తానికి పనికిరాదు. పేగుల్లో మిగిలి చెడ్డ బ్యాక్టీరియాకు మేతవుతుంది. ఆ రోజే ఐరన్ ఆపేశాను.

సీఆర్‌పీ మళ్ళీ పెరగడంతో మా ఆలోచన దారి మారింది. లోపల ఏదో రగులుతోంది, తిన్న తిండి దానికి కట్టెలవుతోంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం సీఆర్‌పీ వంటి రక్షణ ప్రొటీన్లను పెద్దఎత్తున తయారు చేస్తుంది. వాటిలో ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాల పాలు కండలోని ప్రొటీన్ కంటే ఎక్కువ. అందుకే ఒక గ్రాము రక్షణ ప్రొటీన్ తయారు కావడానికి అంతకంటే చాలా ఎక్కువ కండ కరగాలి. అటు పెరుగుదలను నడిపే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ తగ్గుతుంది. తిండి లోపలికి వెళుతుంది గానీ ఎదగమనే ఆజ్ఞ ఎముకకూ కండకూ చేరదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ‘తిన్నది ఒంటబట్టడం లేదు’ అంటారే, దానికి శాస్త్రం చెప్పే వివరణ ఇంచుమించు ఇదే.

ఇది పాఠ్యపుస్తకాల విషయం మాత్రమే కాదు. మలావీలో తీవ్ర పోషకాహార లోపంతో ఆసుపత్రిలో చేరిన పిల్లలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పేగుల్లోనూ రక్తంలోనూ ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉండడానికీ మరణాలకూ సంబంధం కనిపించింది. అలాగని మంట ఆర్పే మందు పోసేస్తే సరిపోదు. ఒక సహవైద్యుడు కొద్ది మోతాదులో స్టెరాయిడ్ ఇస్తే ఆకలి, బరువు పెరుగుతాయేమో అన్నారు. నేను ఒప్పుకోలేదు. స్టెరాయిడ్ సీఆర్‌పీని దించుతుంది, ఒంటికి నీరు పట్టి తూకం కూడా పెరగవచ్చు, మా చార్టు అందంగా కనిపిస్తుంది. దాగి ఉన్నది క్షయ అయితే మాత్రం ఒళ్ళంతా పాకుతుంది. యాంటీబయాటిక్‌ను ముందుజాగ్రత్తగా కొనసాగించడం మరో ప్రతిపాదన. కెన్యాలో ఇటువంటి పిల్లలకు కోట్రైమాక్సజోల్‌ను నెలల తరబడి ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు కూడా 2016లోనే వచ్చాయి, మరణాలు తగ్గలేదు. కారణం తెలియకుండా మందు పోయడం కంటే కారణం కోసం మళ్ళీ మొదటి నుంచి వెతకడమే మేలనిపించింది.

సగం జవాబు

తల నుంచి పాదం దాకా కొత్త రోగిని చూసినట్టు చూశాను. చెవులు, నోరు, చర్మపు మడతలు, కీళ్ళు. చెవిలో చీము లేదు. అప్పుడు మొదటి రోజు పక్కన పెట్టిన మూత్రం రిపోర్టు గుర్తొచ్చింది. ఈసారి సన్నని గొట్టం పెట్టి శుభ్రంగా నమూనా తీయించాను. కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది. ఆంపిసిలిన్‌కూ సెఫటాక్సిమ్‌కూ లొంగదు, అమికాసిన్‌కు లొంగుతుంది. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో మూత్రకోశ ఇన్‌ఫెక్షన్ జ్వరం లేకుండా, ఏడుపు లేకుండా నెమ్మదిగా నడుస్తుంది. జ్వరం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి.

అమికాసిన్ ఇవ్వడానికి ముందు కాస్త తటపటాయించాను. అప్పటికే జెంటామైసిన్ పడిన మూత్రపిండాలవి. మెరోపెనెమ్ మరో దారి, కానీ దాన్ని ఇంతకంటే పెద్ద ప్రమాదం కోసం దాచుకోవాలి. మూడు రోజులకోసారి మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ చూసుకుంటూ పది రోజులు అమికాసిన్ ఇచ్చాం. స్కానింగ్‌లో మూత్రపిండాలు బాగానే ఉన్నాయి.

ఇరవై నాలుగో రోజుకు సీఆర్‌పీ 19కి దిగింది. బరువు కిలోకు రోజుకు 4 గ్రాముల లెక్కన పెరిగి 5.74కు వచ్చింది. వార్డులో అందరికీ ఊరట కలిగింది. మరో మూడు రోజులకు మందు కోర్సు ముగిసింది, మూత్రం కల్చర్ శుభ్రంగా వచ్చింది. సీఆర్‌పీ మాత్రం 21 దగ్గరే ఉంది, బరువు ఆ నాలుగు గ్రాముల వేగం దాటలేదు.

ఇంటికి పంపించెయ్యాలన్న ఒత్తిడి అప్పుడే ఎక్కువైంది. మంచాల కోసం మరికొందరు పిల్లలు ఎదురుచూస్తున్నారు. తల్లికి ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. వార్డులో ఉన్నందుకు ఇచ్చే దినభత్యం ఆమె రేవులో సంపాదించుకునేదానితో సమానం కాదు. ‘దొరికిందిగా, మిగిలినది ఇంటి దగ్గర సర్దుకుంటుంది’ అన్న మాటలో అబద్ధం లేదు, తొందర ఉంది. ఒక కారణం దొరికితే రెండో కారణం కోసం వెతకడం ఆపెయ్యడం వైద్యులందరికీ ఉన్న బలహీనత. మూత్రంలోని ఇన్‌ఫెక్షన్ నిజమైనదే. కానీ అది తీరాక కూడా మిగిలిన మంటను అది వివరించలేదు. తల్లిని మరో వారం ఉండమని అడిగాను. ఎందుకో చెప్పాను. ఆమె తన చెల్లెలిని పిల్లల దగ్గరకు పిలిపించుకుని ఉంది.

ప్రశ్న మార్చి అడిగినప్పుడు

ఆ రాత్రి డ్యూటీలో ఆమె మంచం పక్కన కూర్చుని, వైద్యపు ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, పాప పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి దాకా ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నాను.

“నాను తెల్లారగట్ల మూడింటికే రేవుకెల్లిపోతానమ్మా. పిల్లేమో పక్కింటి మామ్మ దగ్గరే ఉంటాది. ఆవిడే పట్టుకుంటాది, ఆవిడే తొంగోబెడతాది. మద్దేనం నానొచ్చేసరికి ఆవిడ ఒళ్ళోనే ఉంటాది.”

“మామ్మకి ఒంట్లో బాగుంటుందా అమ్మా?”

“ముసిల్ది కదమ్మా. దగ్గుతా ఉంటాది. రెండు మూడు నెల్లయ్యింది. షాపులో మందు తాగుతంది.”

మొదటి రోజు ఆమె మాకు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు. మేము ఇల్లు అని అడిగాం. పాప పగలంతా ఉండేది ఆ ఇంట్లో కాదు.

మర్నాడే ఆశ కార్యకర్త ద్వారా ఆ పెద్దావిడను కఫం పరీక్షకు పిలిపించాం. కఫంలో క్షయ బ్యాక్టీరియా జన్యువులను వెతికే సీబీ-నాట్ పరీక్షలో ఆ బ్యాక్టీరియా ఉన్నట్టు, అది ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు లొంగేదే అయినట్టు తేలింది. పాపకు రెండు రోజులు పొద్దున్నే పరగడుపున కడుపులోని ద్రవం తీసి పంపాం. రెండూ నెగటివ్. ఎక్స్‌రేను ఈసారి పక్క నుంచి కూడా తీయించి, రేడియాలజిస్టు పక్కన కూర్చుని చూశాను. కుడి ఊపిరితిత్తి మొదట్లో లింఫ్ గ్రంథులు పెద్దవై ఉన్నాయి. పాత ఫిల్మ్‌ను తిరిగి చూస్తే, అక్కడ కూడా ఆ నీడ ఉందేమోనని ఇద్దరికీ అనిపించింది. ముందే తెలిసి చూసే కంటికి కనబడే నీడ అది. మొదటిసారి చూసినవారిని తప్పుపట్టలేను.

ఇక్కడి నిర్ణయం తేలికైనది కాదు. బ్యాక్టీరియా దొరకలేదు కాబట్టి ఆగుదామన్నది ఒక వాదన. పోషకాహార లోపంతో నీరసించిన కాలేయానికి నాలుగు క్షయ మందుల భారం మోపడం చిన్న విషయం కాదు, ఆ వాదనలో బలముంది. మధ్యేమార్గంగా, క్షయ రోగి దగ్గర గడిపిన పిల్లలకు నివారణగా ఇచ్చే ఐసోనయాజిడ్ అనే ఒక్క మందే ఇద్దామన్నారు మరొకరు. అది నాకు అన్నిటికంటే ప్రమాదంగా తోచింది. నివారణ మందు ఇవ్వాలంటే రోగం లేదని ముందు తేలాలి. రోగం ఉన్నచోట ఒంటరి మందు ఇస్తే అది మొండికేస్తుంది. చిన్నపిల్లల క్షయలో బ్యాక్టీరియా సంఖ్య తక్కువ కాబట్టి పరీక్షలు తరచుగా నెగటివ్‌గానే వస్తాయి. ఇంత లోపం ఉన్న బిడ్డలో మాంటూ చర్మం ఉబ్బకపోవడానికి అర్థమే లేదు, ఎందుకంటే ఉబ్బవలసిన శక్తే చర్మానికి లేదు. మరోవైపు కఫంలో క్షయ ఉన్న మనిషి ఒళ్ళో నెలల తరబడి గడిపిన చరిత్ర, ఎక్స్‌రేలో గ్రంథులు, వేరే ఇన్‌ఫెక్షన్‌కు సరైన చికిత్స జరిగాక కూడా మిగిలిన ఇన్‌ఫ్లమేషన్, తిన్నా పెరగని బరువు ఉన్నాయి. ఇవన్నీ కలిపి చూసి చికిత్స మొదలుపెట్టాలనే నిర్ణయించాం. ముప్పయ్యో రోజున బరువు 5.86 కిలోలు. కాలేయం పరీక్షలు చేయించి, బరువుకు తగ్గ మోతాదులో నీటిలో కరిగే పిల్లల మాత్రలు, ఎథాంబుటాల్, పైరిడాక్సిన్ ఇచ్చాం. క్షయ రోగుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేశాం.

ఫలితం

మొదటి వారం పెద్దగా తేడా లేదు. కిలోకు 5 గ్రాములు. అవి నాకు నిద్రలేని రోజులు. మేము ఊహించినది తప్పయితే ఆ బిడ్డ కాలేయానికి చేటు చేస్తున్నది నేనే. ముప్పై ఆరో రోజున తల్లి గిన్నెలో పాలు కలుపుతుంటే పాప చేయి చాపి ఆ చెంచా లాక్కుంది. అప్పటివరకు ఏ ఆటవస్తువు ఇచ్చినా చేతిలో ఉంచుకునేదే గానీ కావాలని తీసుకోలేదు. మరుసటి రోజు నుంచి తూకం కదిలింది. తరువాతి పది రోజులు సగటున కిలోకు 10 గ్రాములు పైనే. అదే తిండి, అదే తల్లి, అదే గిన్నె. నలభయ్యో రోజున సీఆర్‌పీ 6. అప్పుడు, బరువు నిజంగా పెరుగుతుండగా, ఐరన్ మళ్ళీ మొదలుపెట్టాం. నలభై ఏడో రోజున 6.7 కిలోలతో, 11.9 సెంటీమీటర్ల జబ్బతో ఇంటికి పంపి, వారం వారం చూస్తామని చెప్పాం.

ఒక పని వార్డు బయట చేయవలసి వచ్చింది. విషయం తెలిశాక కాలనీలో పెద్దావిడను వెలేసినట్టు చూస్తారేమోనని భయపడ్డాం. తల్లిని కూర్చోబెట్టి, ఆవిడ పాపకు చేసిన సేవ సేవే, రోగం ఎవరూ కావాలని తెచ్చుకున్నది కాదు, ఆవిడకూ చికిత్స పూర్తయితే నయమవుతుందని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాతి వారం మందుల కోసం వచ్చినప్పుడు ఆవిడను తానే వెంటబెట్టుకు వచ్చింది. పెద్దపిల్లలిద్దరికీ పరీక్షలు చేసి, రోగం లేదని తేలాక నివారణ మందు ఇచ్చాం.

ఈ కేసు తరువాత మా పనిలో మారినవి

చేర్చుకునే ఫారంలో ‘ఇంట్లో దగ్గు ఉన్నవారు’ అన్న గడిని కొట్టేసి, ‘బిడ్డ పగలు ఎవరి ఒళ్ళో ఉంటుంది, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, వారికి దగ్గు ఉందా’ అని రాయించాను. విశాఖలో రేవు పనికో, ఇళ్ళలో పనికో, భవన నిర్మాణానికో తెల్లవారకముందే వెళ్ళే తల్లుల పిల్లలకు ఇల్లంటే ఇంటి నాలుగు గోడలు కాదు.

సంచిలో పట్టిన మూత్రంలో చీము కణాలు కనిపిస్తే మలినమని కొట్టిపారేయకుండా, శుభ్రమైన నమూనాతో కల్చర్ చేయించడం నియమం చేశాం. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది వేరే ఉంది. బరువు పెరగని బిడ్డ విషయంలో తిండి లెక్క, తూకం, వంట కొలతలు ఒక్క రోజులో సరిచూసుకోవాలి. అవి సరిగా ఉంటే ఆ క్షణం నుంచి తల్లి మీద అనుమానం ఆగిపోవాలి. మేము ఆ ఒక్క రోజు పనికి ఎన్నో రోజులు తీసుకున్నాం. అంతసేపూ మూత్రంలో ఈ.కోలై, గ్రంథుల్లో క్షయ తమ పని తాము చేసుకుపోయాయి.

సీఆర్‌పీ విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. మా వార్డులో దాన్ని ఇప్పుడు చేరినరోజు, బరువు నిలిచిపోయినప్పుడు చూస్తున్నాం. ఎక్కువ ఉంటే వెతకడానికి అది ఆధారం. తక్కువ ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదనుకోవడానికి వీల్లేదు. బాగా నీరసించిన కాలేయం ఆ ప్రొటీన్‌ను కూడా సరిగా తయారు చేయలేకపోవచ్చు. అలాగే ఒక్క అంకె కంటే దాని నడక ఎక్కువ చెబుతుంది. ఈ పాపలో 58 కంటే, 27కు దిగి మళ్ళీ 44కు లేవడమే మమ్మల్ని మేల్కొలిపింది. 44 నుంచి దిగి 21 దగ్గర ఆగిపోవడమే రెండో కారణం కోసం వెతికించింది.

ఆరు నెలల చికిత్స పూర్తయ్యాక, రెండేళ్ళ వయసు దగ్గరపడుతుండగా చివరిసారి చూసినప్పుడు పాప బరువు 8.6 కిలోలు, హిమోగ్లోబిన్ 10.8. సీఆర్‌పీ మామూలుగా ఉంది. గది అంతా నడుస్తూ నా బల్ల సొరుగు లాగుతోంది. పొడవు 73.5 సెంటీమీటర్లు. అంటే వయసుకు ఇంకా చాలా పొట్టి. బరువు వారాల్లో తిరిగి వస్తుంది, పొడవు అలా రాదు. ఎంతవరకు వస్తుందో కొలుస్తూ ఉండడానికి మూడు నెలలకోసారి రమ్మని తల్లికి కార్డు రాసిచ్చాను. ఆమె దాన్ని ఆ పాత క్యాలెండర్ కాగితంతో పాటు అదే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది.